మూలనపడ్డ చైన్‌సాను కట్టెల కోతకు సిద్ధం చేయడం

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మర్నాడు మా ఉద్దానంలో ఏ దారి చూసినా కూలిన కొబ్బరి చెట్లే. ఆ వారంలోనే ఒక 52 సీసీ చైన్‌సా, అంటే ఇంజన్‌తో నడిచే గొలుసు రంపం, కొన్నాను. రెండు నెలలు ఎద్దులా పనిచేసింది. తర్వాత ట్యాంకులో పెట్రోలు ఉండగానే గోనెసంచి కప్పి పశువుల పాకలో పెట్టేశాను. తప్పు నాదే. నిరుడు నీళ్ల పొయ్యికి జీడిమామిడి దుంగలు కోద్దామని బయటికి తీస్తే, తాడు లాగి లాగి నా భుజం పట్టేసిందే కానీ అది టప్ మని కూడా అనలేదు.

"దీన్ని వదిలేసి కొత్తది కొనుక్కోండి మాస్టారూ" అన్నాడు దుకాణదారు, మూత కూడా విప్పకుండానే. అందుకే ముందు ఈ మాట చెబుతున్నాను. పిస్టన్ చూడకుండా పాత మిషన్ మీద రూపాయి పెట్టొద్దు, పారేయనూ వద్దు.

ప్లగ్గు వైరు తీసేసి, సైలెన్సర్ బోల్టులు విప్పండి. పొగ బయటికి వచ్చే రంధ్రంలోంచి టార్చి వేస్తూ తాడును నెమ్మదిగా లాగితే పిస్టన్ పక్కభాగం కనిపిస్తుంది. నున్నగా ఉంటే మంచిదే. నిలువునా లోతైన గీతలు పడి ఉంటే ఎవరో ఆయిల్ కలపని పెట్రోలు పోసి నడిపారని అనుమానించాలి. అలాంటిదైతే దుకాణదారు మాటే వినండి. నా దానికి మసి పట్టింది కానీ ఒక్క గీత లేదు. ప్లగ్గును గీకి, సందు 0.5 మిల్లీమీటర్లకు సరిచేసి, వైరు మళ్లీ తగిలించి, పెట్రోలుకు దూరంగా పెట్టి తాడు లాగి చూస్తే నీలం నిప్పురవ్వ వచ్చింది.

పిస్టన్, రవ్వ రెండూ బాగుంటే ఇక అనుమానించవలసింది పెట్రోలు దారినే. బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నిల్వ ఉంటే రబ్బరును పాడుచేస్తుంది. నా ట్యాంకులోని గొట్టం పట్టుకోగానే రెండు ముక్కలైంది. దాని చివరనున్న ఫిల్టరు బెల్లం పాకంలో ముంచి తీసినట్లుంది. కార్బొరేటర్ మూత విప్పితే లోపల పల్చని రబ్బరు పొర ఉంటుంది. దాన్నే డయాఫ్రమ్ అంటారు. వేలితో తాకితే మెత్తగా లోపలికి పోవాలి. నాది వేయించిన అప్పడంలా గట్టిపడింది. మిషన్ చచ్చింది అంతమాత్రానికే! డయాఫ్రమ్‌లు, గ్యాస్కెట్లు, సూది కలిపి కిట్టుగా అమ్ముతారు. విప్పేటప్పుడు ఒక్కో పొరకూ ఫోనుతో ఫొటో తీసుకోండి. నేను తీయలేదు, ఒక గ్యాస్కెట్ తిరగేసి బిగించి ఒక పూటంతా పోగొట్టుకున్నాను. లోపలి చిన్న జల్లెడను కార్బొరేటర్ స్ప్రేతో కడగాలి. రంధ్రాల్లో తీగ దూర్చవద్దు.

నా మిషన్‌కు లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలపాలి. కొన్ని కంపెనీల వాటికి 20 చాలు. మీ దానికెంతో దాని పుస్తకంలో చూడండి.

ఇక గొలుసు. కొబ్బరి మాను పీచు గొలుసును త్వరగా మొండిచేస్తుంది, మట్టి అంటిన దుంగ ఇంకా త్వరగా. పదునుందో లేదో పొట్టు చూస్తే తెలుస్తుంది: పెచ్చులుగా రాలితే పదునుంది, పిండిలా రాలితే లేదు. నా గొలుసుకు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. తొడుగులు వేసుకుని, 30 డిగ్రీల కోణంలో, ముందుకు తోసేటప్పుడే ఒత్తిపట్టి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి పట్టండి. ప్రతి పంటికీ అన్నే తోపులు. ఒకవైపు పళ్లు ఎక్కువ అరిగితే కోత వంకర పోతుంది. గొలుసు నడిచే బ్లేడు గాడిలో గట్టిపడిన పొట్టును రేకుముక్కతో గీకేసి, బ్లేడును తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమంగా అరుగుతాయి.

స్టార్ట్ చేయడం ఆరుబయటే, నేలమీద పెట్టి, వెనక పిడిలో కాలు ఉంచి, గొలుసు బ్రేకు వేసి. చేత్తో పట్టుకుని గాల్లో లాగవద్దు. నడుస్తుండగా బ్రేకు తీసి, బ్లేడు కొసను ఒక అట్టముక్క వైపు చూపించి యాక్సిలరేటర్ నొక్కితే, గొలుసుకు అందే ఆయిల్ చుక్కల గీత దానిమీద పడాలి. యాక్సిలరేటర్ వదిలినా గొలుసు తిరుగుతుంటే ఇంజన్ ఊరికే నడిచే వేగాన్ని మార్చే ఐడిల్ స్క్రూ తగ్గించాలి. కోసేటప్పుడు బ్లేడు కొస పైభాగం దేనికీ తగలనివ్వకండి. తగిలితే మిషన్ ఎగిరి ముఖం మీదికి వస్తుంది. కళ్లద్దాలు, బూట్లు లేకుండా నేను ముట్టుకోను.

దుంగను నేలమీద పెట్టి కోయకుండా, రెండు ఇంటూ ఆకారపు కర్ర కాళ్ల మీద పెడతాను. పని ముగిశాక మిగిలిన పెట్రోలు ఒంపేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపి, అప్పుడే పాకలో పెడుతున్నాను. గోనెసంచి మాత్రం పాతదే.