సిగ్నల్ పోయే చోట మొదలుపెట్టండి: హైవేకి వైర్‌లెస్ ట్రాఫిక్ వ్యవస్థ

హైవే మీద వైర్‌లెస్ ట్రాఫిక్ వ్యవస్థను (కెమెరాలు, మెసేజ్ బోర్డులు, వాటిని తీగ లేకుండా కంట్రోల్ రూమ్‌కి కలిపే లింకులు) పొడిగించాలనగానే ముందు కెమెరాలకి కొటేషన్లు తెప్పిస్తారు. ఆ పని చివర్లో చూసుకోవచ్చు. ముందు రెండు మూడు కంపెనీల సిమ్‌లు పెట్టుకుని రోడ్డంతా తిరిగి, సిగ్నల్ ఎక్కడ పడిపోతుందో కిలోమీటరు రాయితో సహా రాసుకోండి. చిత్తూరు నుంచి బెంగళూరు దారిలో మొగిలి ఘాట్, తిరుపతి నుంచి మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్ (2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది ఇక్కడే) లాంటి మలుపులకే ఈ వ్యవస్థ ఎక్కువ అవసరం, కొండ అడ్డొచ్చి సిగ్నల్ సతాయించేదీ అలాంటి చోట్లే. ఊరి పక్కన తిన్నటి రోడ్డుకి పది కెమెరాలు తగిలించడం ఎవరైనా చేస్తారు.

సిమ్ పనిచేయని చోట స్తంభం నుంచి స్తంభానికి రేడియో లింకు వేసుకోవాలి. 5.8 గిగాహెర్ట్జ్ రేడియోకి లైసెన్స్ అక్కర్లేదు, కానీ రెండు యాంటెన్నాలూ ఒకదానికొకటి కనపడాలి, మధ్యలో చింతకొమ్మ వచ్చినా స్పీడు పడిపోతుంది, కాబట్టి మలుపు బయటి అంచున ఒక రిపీటర్ (సిగ్నల్ అందుకుని ముందుకి పంపేది) పెట్టండి. ఒక్కో కెమెరా వీడియోకి 2 నుంచి 4 ఎంబీపీఎస్ స్పీడు వేసుకోండి. లింకు అంత లాగలేకపోతే, వీడియోలో ఆగిన బండినో మనిషినో గుర్తించే పని స్తంభం దగ్గరే చేయించి, ఏదైనా జరిగినప్పటి క్లిప్పు మాత్రమే పంపాలి.

కరెంటు లెక్క తప్పితే మిగతాదంతా వృథా. కెమెరా, రేడియో కలిపి 20 వాట్లు అనుకుంటే రోజుకి 480 వాట్-అవర్లు. మన దగ్గర నవంబర్ తుఫాను ముసురు పట్టిందంటే సోలార్ మీద ఆశ పెట్టుకోవద్దు, మూడు రోజులకి 1440 కావాలి, అంటే 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం బ్యాటరీ ఉంటే సరిపోతుంది. బ్యాటరీ పెట్టె చేతికందే ఎత్తులో పెట్టకండి, ఎందుకో చెప్పక్కర్లేదు కదా! ఎర్తింగ్ మాత్రం ఒక్క స్తంభానికి కూడా వదలొద్దు.

మెసేజ్ బోర్డు ఘాట్ లోపల కాదు, ఘాట్ మొదలవక ముందు, బండి ఆపుకునే చోటున్న వైపు పెట్టండి. 80 స్పీడులో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది, చదవడానికి దొరికేది నాలుగైదు సెకన్లే. "మలుపులో లారీ ఆగింది" చాలు. ఈ దారుల్లో తమిళ, కన్నడ డ్రైవర్లూ ఎక్కువే, వాళ్ల భాషలోనూ మార్చి మార్చి వేయండి.

ఇక సాఫ్ట్‌వేర్. ఆగిన బండి కనపడితే అలారం అని పెట్టేసి వదిలేస్తే, తోతాపురి మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరే ట్రాక్టర్లకి రోజంతా మోగుతూనే ఉంటుంది, రెండో రోజుకే కంట్రోల్ రూమ్‌లో వాళ్లు సౌండు తీసేస్తారు. సీజన్ వరకు ఆ ముక్కకి వేరే రూలు రాయండి. పురటాసి (సెప్టెంబర్-అక్టోబర్‌లో వచ్చే తమిళ నెల) నెలలో రాత్రిళ్లు తిరుమలకి నడిచొచ్చే తమిళ భక్తులకి తిరగేసి చేయాలి: మనిషి కనపడగానే బోర్డు మీద హెచ్చరిక పడాలి. అలారం మోగితే క్రేన్‌కి ఎవరు ఫోన్ చేయాలో, 108కి ఎవరు చేయాలో పేర్లు రాసి గోడకి అంటించాకే స్విచ్ వేయండి.