కోతలయ్యాక ఎలుకలు ఊళ్లోకొస్తాయి: ఇంట్లో ముందే చూసుకోవాల్సినవి

గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్ వరి) కోతలు మొదలయ్యాయంటే ఎలుకలకు ఇల్లు మారే రోజులు వచ్చినట్టే. నాలుగు నెలలు చేలో తింటూ, గట్ల కింద బొరియల్లో హాయిగా గడిపినవి, కోత మిషన్ ఒక్కపూటలో చేను ఊడ్చేసి వెళ్లాక రోడ్డున పడతాయి. తర్వాత దాళ్వాకి (రబీ వరికి) నీళ్లు పెడితే బొరియల్లోకీ నీళ్లొస్తాయి. ఇక వాటికి మిగిలేది కాలవ గట్టు, లేదంటే మన ఇల్లు. పైగా చలి. వంటింటి గోడ పక్కన ఉండే వెచ్చదనం కాలవ గట్టు మీద ఎక్కడ దొరుకుతుంది?

బోను కొనాలా, మందు పెట్టాలా అన్నది తర్వాత సంగతి. కార్తీకమాసం వెళ్లేలోపు ముందు కన్నాలు మూసెయ్యండి. ఎలుక కట్టిన మూడు వారాలకే ఈనుతుంది. ఈతకు ఆరేడు పిల్లలు మామూలే. ఇప్పుడు ఒక జంట దూరితే సంక్రాంతికి అటక మీద పెద్ద సంసారమే ఉంటుంది.

కన్నమంటే పెద్దదే అనుకోకండి. చిట్టెలుకకు పెన్సిల్ పట్టే సందు చాలు. తల దూరితే ఒళ్లు దానంతటదే దూరుతుంది. పెద్ద ఎలుకకు అరంగుళం ఉంటే సరిపోతుంది. రాత్రి ఇంట్లో లైట్లన్నీ తీసేసి, ఒకరు బయట నుంచి తలుపుల కింద, గోడల వెంట టార్చి వేస్తే లోపలున్న వాళ్లకు సందులన్నీ కనిపిస్తాయి. మా ఇంట్లో ఇలా చూస్తే పెరటి తలుపు కింద ఈ చివర నుంచి ఆ చివరి దాకా వెలుగే! అక్కడ రేకు కొట్టించాం. అందరూ మర్చిపోయే చోట్లు ఏసీ పైపు వెళ్లే కన్నం, సింకు కింద పైపు చుట్టూ ఉండే ఖాళీ, బాత్‌రూమ్ తూము, కేబుల్ వైరు కోసం గోడకు వేసిన రంధ్రం. పెంకుటిల్లయితే వాసాల చివర్లు కూడా చూడాలి.

మూసేటప్పుడు గుడ్డలు, థర్మోకోల్, ఫోమ్ కుక్కి ఊరుకుంటే రెండు రాత్రుల పని. ఎలుక ముందు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు గట్టిగా దట్టించి, పైన సిమెంటు పూయండి. పాతకాలం వాళ్లు సిమెంటులో గాజుపెంకులు కలిపేవాళ్లు, అది ఇప్పటికీ మంచి పద్ధతే. వెంటిలేటర్లకు, తూములకు పావంగుళం కళ్లున్న ఇనుప జాలీ బిగించాలి. కోళ్ల గూటికి కట్టే జాలీలోంచి చిట్టెలుక నడిచి వస్తుంది. ప్లాస్టిక్ దోమతెర అయితే కొరికేస్తుంది.

ఇంటి బయట గోడకు ఆనించి గడ్డివాము, పిడకలు, కొబ్బరి డొక్కలు పెట్టకండి. కప్పు మీదకి వాలిన కొమ్మలు కొట్టించండి. ఎలుకలున్న చోటికి పాము కూడా వస్తుంది. చీకట్లో గడ్డి దగ్గరికి వెళ్తే చెప్పులు, టార్చి తప్పనిసరి. కొత్త ధాన్యం బస్తాలు నేల మీద కాకుండా బల్ల మీద, గోడకు ఒక అడుగు ఎడంగా ఉంచితే వెనక ఏం జరుగుతోందో కనిపిస్తుంది. బియ్యం, పప్పులు స్టీలు డబ్బాల్లోకి మార్చేస్తే ఇంకా నయం.

రెండు సంగతులు మాత్రం అస్సలు అశ్రద్ధ చేయొద్దు. ఒకటి దేవుడి దగ్గర దీపం. నూనెలో నానిన వత్తి అంటే ఎలుకకు ఇష్టం, వెలుగుతున్నదాన్ని కూడా లాక్కుపోతుంది. కార్తీకంలో దీపం పెట్టి పడుకునే అలవాటుంటే పైన గాజు చిమ్నీ పెట్టండి, కుదరకపోతే పడుకునే ముందు కొండెక్కించండి. రెండోది గ్యాస్ ట్యూబు. మామూలు రబ్బరు ట్యూబు వాడుతుంటే లోపల ఉక్కు తీగ ఉండే సురక్షా ట్యూబుకు మారండి. రాత్రిపూట రెగ్యులేటర్ ఆపే అలవాటు ఎలాగూ మంచిదే.

ఇంతా చేసినా ఒకటి లోపల ఉండిపోయిందనుకోండి, బోను పెట్టండి. కాల్చిన కొబ్బరి ముక్క, ఎండుచేప, మిగిలిన మసాలా వడ, ఏదైనా పనిచేస్తుంది. గది మధ్యలో పెడితే లాభం లేదు. ఎలుక మీసాలతో గోడను తడుముకుంటూ నడుస్తుంది కాబట్టి గోడ వెంటే పెట్టాలి. పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం ఎక్కువ. మొదటి రెండు మూడు రాత్రులు స్ప్రింగు బిగించకుండా ఊరికే తిననిచ్చి, తర్వాత బిగించండి. చిట్టెలుకకు ఆ ఓపిక లేదు, మొదటి రాత్రే పడుతుంది. పందికొక్కు సంగతి వేరు. అది పునాది పక్కన తవ్వి మట్టి కుప్ప పోస్తుంది, మామూలు బోనులో పట్టదు. పొలాల్లో ఎలుకలు పట్టే వాళ్లను పిలవడమే మేలు. పిల్లిని నమ్ముకోకండి. మా పిల్లి పందికొక్కుని చూసి నాకంటే ముందు మంచం ఎక్కింది.

మందు దగ్గర నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. పసుపు ఫాస్ఫరస్ ఉన్న ఎలుకల పేస్టు ఇంట్లోకే రానివ్వొద్దు. బ్రెడ్డు మీద రాసి పెడితే పిల్లలు తినేస్తారు. దానికి విరుగుడు లేదు. తిన్న తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి బాగానే కనిపించి, ఆ తర్వాత కాలేయం పాడవుతుంది. కాబట్టి పొరపాటున నోట్లో పెట్టుకుంటే, బాగానే ఉన్నారులే అని ఆగకుండా ప్యాకెట్టు కూడా పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, 108కి ఫోన్ చేయాలి. పొలానికి వాడే నల్ల పొడి జింక్ ఫాస్ఫైడ్ కూడా ఇంట్లోది కాదు. ఎలుకల మందు కేకులు కాస్త నయమే కానీ, తిన్న ఎలుక నాలుగైదు రోజులకు ఏ మూలో చస్తుంది. ఒక సంక్రాంతికి అల్లుడు వచ్చిన రోజే మా హాల్లో ఫాల్స్ సీలింగ్ మీద నుంచి కంపు మొదలైంది. పండగ మూడు రోజులూ అగరొత్తులే!

అటక శుభ్రం చేసేటప్పుడు ఎలుక పెంటికల్ని పొడిగా ఊడ్చొద్దు, ఆ దుమ్ము లోపలికి పీల్చకూడదు. బ్లీచింగ్ నీళ్లు చల్లి, పది నిమిషాలు ఆగి, చేతులకు గ్లవ్స్ వేసుకుని తడిగుడ్డతో తీయాలి. ఎలుక మూత్రం వల్ల వచ్చే ఎలుక జ్వరం కాళ్ల మీది పుండ్లలోంచి కూడా ఎక్కుతుంది. ఎలుకల మీద బతికే చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. ఈ కాలంలో తగ్గని జ్వరం ఉండి, ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి మచ్చ కనిపిస్తే డాక్టరుకు అది తప్పకుండా చూపించండి. మందులున్నాయి, ఆలస్యమైతేనే ప్రమాదం.

అపార్ట్‌మెంట్ వాళ్లు ఇదంతా పల్లెల గొడవ అనుకోకుండా కారు బానెట్ ఒకసారి ఎత్తి చూసుకోండి. వేడి ఇంజను పక్కన గుడ్డపీలికలు, కొబ్బరి పీచు కనిపిస్తే వైర్ల మీద పళ్లు పడ్డట్టే. పొగాకు కాడలు పెడితే నాలుగు రోజులు పనిచేస్తాయేమో. దానికన్నా పార్కింగులో ఉన్న చెత్తబుట్టకు మూత పెట్టించడం మీద దృష్టి పెట్టండి.