క్లుప్తంగా రాసినా అర్థం కావట్లేదా? ఎక్కడ తేడా వచ్చిందో చూడండి

నోటీసు, దరఖాస్తు, వార్త, గ్రూపులో పెట్టే సందేశం, ఏదైనా సరే, 'క్లుప్తంగా రాయండి' అనగానే జనం మాటలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. లెక్క తర్వాత. ముందు వాక్యం చివరి క్రియను చూడండి. సగం ఇబ్బందులు అక్కడే తేలిపోతాయి, కానీ ఎవరూ చూడరు.

సమస్య: ఎంత కోసినా పొడుగు తగ్గట్లేదు

కారణం: చివర్లో 'జరిగింది' కూర్చుని ఉంది. "దరఖాస్తులను కార్యాలయానికి పంపించడం జరిగింది" అని రాసి, పొడుగైందని 'కార్యాలయానికి' తీసేస్తారు. పనికొచ్చే మాట పోయింది, పనికిరానిది మిగిలింది. తెలుగు క్రియ తన కర్తను చివర్లోనే మోస్తుంది: పంపాను, పంపాం, పంపారు. 'పంపించడం జరిగింది' అనగానే అది పోతుంది. ఇక ఎవరు పంపారో చెప్పడానికి 'మా కమిటీ ద్వారా' అని విడిగా తగిలించాలి.

పరిష్కారం: "దరఖాస్తులు కార్యాలయానికి పంపాం." అలాగే "రేపు నీటి సరఫరా నిలిపివేయబడును" అనేది "రేపు నీళ్లు రావు" అయిపోతుంది. ఆ తర్వాత జంట మాటలు ఏరండి: 'సుమారు 50 మంది దాకా', 'తిరిగి పునఃప్రారంభం', 'ఆఖరి తుది గడువు'. ఒక్కోదాంట్లో ఒకటి చాలు.

సమస్య: పొట్టిగానే ఉంది, కానీ చదివినవాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు

తేదీ, వేళ, చోటు, మొత్తం ఉన్నాయో లేదో చూసుకోండి. "గడువు పెంచారు" అంటే ఎప్పటిదాకా? అవన్నీ ఉన్నా అడుగుతున్నారంటే మీరు విభక్తి కోసేశారు. ఇది దొంగ కారణం, అనుభవం ఉన్నవాళ్లనీ ముంచుతుంది.

"కమిటీని ప్రశ్నించిన రైతులు." అడిగింది రైతులు. శీర్షికలో చోటు చాలక 'ని' తీశారనుకోండి: "కమిటీ ప్రశ్నించిన రైతులు." ఇప్పుడు అడిగింది కమిటీ, సంజాయిషీ చెప్పుకోవాల్సింది రైతులు. "సంఘాన్ని ఒప్పుకోని సభ్యులు" వేరు, "సంఘం ఒప్పుకోని సభ్యులు" వేరు.

ఇది ఎందుకు దొరకదంటే, రెండూ తప్పులేని తెలుగే. అక్షరదోషాలు వెతికే ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని పట్టదు. రాసినవాడికి అసలు సంగతి ముందే తెలుసు కాబట్టి పదిసార్లు చదివినా సరిగ్గానే కనిపిస్తుంది. పైగా ప్రాణం లేనివాటి దగ్గర 'ను' వదిలేయడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు: పుస్తకం చదివాను, అన్నం తిన్నాడు. అదే అలవాటు మనుషుల మీదకీ సంస్థల మీదకీ పాకితే వస్తుంది తంటా.

'పై' కూడా అంతే. "కార్యదర్శి ఫిర్యాదుపై విచారణ" అంటే ఫిర్యాదు ఇచ్చింది ఆయనా, ఫిర్యాదు ఆయన మీదా? "కార్యదర్శి ఇచ్చిన ఫిర్యాదుపై" అనో, "కార్యదర్శిపై వచ్చిన ఫిర్యాదుపై" అనో రాయండి. ఒక మాట ఎక్కువైతే అవనివ్వండి.

విభక్తులన్నీ ఊడ్చి నామవాచకాలు పేరిస్తే ఇలా తయారవుతుంది: "పాఠశాల భవన మరమ్మతు నిధుల మంజూరు జాప్యం." ఆరు మాటలు. "బడి మరమ్మతుకు నిధులు ఇంకా మంజూరు కాలేదు." ఇవీ ఆరే. మొదటిది క్లుప్తంగా ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే.

పరిష్కారం: '-ఇన' (ప్రశ్నించిన), '-ని' (ఒప్పుకోని), '-ఏ' (అడిగే) తో ముగిసే ప్రతి విశేషణం దగ్గర ఆగి 'ఎవరు? ఎవరిని?' అని అడగండి. దాని ముందు మనిషి పేరో, సంస్థ పేరో ఉండి, పని జరిగింది వాళ్ల మీదైతే ను/ని తప్పనిసరి. అప్పటికీ అనుమానంగా ఉంటే వాక్యాన్ని రెండు చేయండి. చివరగా, విషయం తెలియని ఒకరికి చూపించి ఎవరు ఏం చేశారో చెప్పమనండి.

సమస్య: చిన్నగా రాస్తే కోపంగా రాశారంటున్నారు

అది ముక్తసరి. ఈ మాటకు మూలమైన ఉర్దూ 'ముఖ్తసర్'కి సంక్షిప్తమనే అర్థం. తెలుగులోకి వచ్చాక దానికి ముభావం అంటుకుంది. 'ముక్తసరిగా జవాబిచ్చాడు' అంటే ఇష్టం లేదనే. కాబట్టి కుదించేటప్పుడు 'గారు', 'అండి' జోలికి పోకండి. "హాజరు కావలెను" కంటే "రండి" పొట్టిది, మర్యాదైనది కూడా.

సమస్య: పరీక్షలో చిన్నగానే రాసినా మార్కులు పోయాయి

ప్రశ్న సరిగ్గా చదవలేదు. 'సంక్షిప్తీకరించండి' అంటే ఎదురుగా ఉన్న పేరాను కుదించాలి, అందులో లేనిది చేర్చకూడదు. 'క్లుప్తంగా రాయండి' అంటే మీ జవాబే తక్కువ మాటల్లో ఉండాలి. 'టూకీగా' మాట్లాడేటప్పుడు బాగుంటుంది, జవాబు పత్రంలో వద్దు.

సమస్య: ఒక ఎస్సెమ్మెస్ పంపితే రెండుగా లెక్కేస్తున్నారు

ఇంగ్లిష్‌లో ఒక సందేశానికి 160 అక్షరాలు పడతాయి, తెలుగు యూనికోడ్‌లో 70 మాత్రమే. గుణింతాలు, పొల్లు, సున్న, ఖాళీ అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'క్లుప్తత' కంటికి మూడక్షరాలు, లెక్కలో ఎనిమిది. 'పంపించడం జరిగింది'కి 17, 'పంపాం'కి 5. మళ్లీ ఆ 'జరిగింది' దగ్గరికే వచ్చాం చూశారా?

అరుదైనవి

'క్లిప్తం' అని రాస్తే తప్పు, కొమ్ము పెట్టండి. పాత పుస్తకాల్లో 'కౢప్తము' కనిపిస్తే అది అచ్చుతప్పు కాదు, సంస్కృత రూపం. దిద్దకండి.