సాఫ్ట్‌వేర్ చందా ధర పెరిగిందన్న వార్తను సరిచూసుకునే పద్ధతి

వ్యాపార సాఫ్ట్‌వేర్ ధరల గురించి వార్త కనిపిస్తే, అందులోని అంకె కంటే ముందు అది ఎవరికి వర్తించే ధరో చూడాలి. 2016 జూలైలో టొరంటోలో జరిగిన పార్ట్‌నర్ల (తన సాఫ్ట్‌వేర్‌ను అమ్మిపెట్టే కంపెనీల) సదస్సులో మైక్రోసాఫ్ట్ విండోస్ 10 ఎంటర్‌ప్రైజ్ ఇ3 అనే చందా పథకాన్ని ఒక్కొక్కరికి నెలకు 7 డాలర్ల చొప్పున ప్రకటించింది. అంతవరకు పెద్ద సంస్థలు వాల్యూమ్ లైసెన్సు (ఒకేసారి పెద్ద సంఖ్యలో కొనే) ఒప్పందాల కింద కొనుక్కుంటున్న భద్రతా సదుపాయాలను చిన్న కంపెనీలకు కూడా అందించడానికి పెట్టిన పథకం అది. దాన్ని తీసుకోవాలంటే కంప్యూటరులో విండోస్ 10 ప్రో ముందే ఉండాలి. ఇళ్లలో వాడే హోమ్ ఎడిషన్‌కు దానితో సంబంధమే లేదు. అయినా విండోస్ వాడాలంటే ఇక నెలనెలా డబ్బు కట్టాలేమో అనిపించే శీర్షికలు వెలువడ్డాయి. ఉచిత అప్‌గ్రేడ్ గడువు అదే నెల 29తో ముగియబోతుండటం వల్ల మామూలు వినియోగదారులకు అది నమ్మదగినట్టే తోచే పరిస్థితి ఏర్పడింది.

అందుకే వార్త తెరవగానే ఎడిషన్ పేరు, అమలు తేదీ, దేశం అనే మూడు వివరాలు వెతకండి. ఒక సైటులో వచ్చిన కథనాన్ని మరో సైటు తిరగరాసేటప్పుడు ముందుగా జారిపోయేవి ఇవే. ఇవి లేని వార్తను పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. నేరుగా ఆ కంపెనీ ప్రకటననే తెరిచి చదవండి. ప్రకటనలో ఏ పథకాల ధర మారిందన్న దానితో పాటు, ఏ పథకాల ప్రస్తావన లేదన్నది కూడా గమనించాలి.

ఈమెయిల్, వర్డ్, ఎక్సెల్ వంటివి కలిపి ఇచ్చే మైక్రోసాఫ్ట్ వ్యాపార చందాల్లో 2022 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన పెంపును ఈ పద్ధతిలో చదివి చూద్దాం. ఆ రోజు ఒక్కొక్కరికి నెలకు కట్టే ధర బిజినెస్ బేసిక్ పథకంలో 5 డాలర్ల నుంచి 6కు, బిజినెస్ ప్రీమియంలో 20 నుంచి 22కు, ఆఫీస్ 365 ఇ1లో 8 నుంచి 10కి పెరిగింది. శాతాల్లో చెప్పుకుంటే ఇవి వరుసగా 20, 10, 25. ఎన్నో చిన్న కార్యాలయాలు వాడే బిజినెస్ స్టాండర్డ్ మాత్రం 12.50 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. విద్యాసంస్థల పథకాలకూ, ఇంటి వాడకం పథకాలకూ ఆ పెంపు వర్తించలేదు. కాబట్టి "25 శాతం వరకు పెంపు" అని రాస్తే అది అబద్ధం కాదు. కానీ స్టాండర్డ్ వాడేవారు దాన్ని చదివి బడ్జెట్ మార్చుకుంటే పొరపాటు పడినట్టే. మీ చివరి ఇన్వాయిస్ తీసి, అందులో పథకం పేరు ఏమని ఉందో అక్షరం తప్పకుండా పోల్చుకోండి. బేసిక్, స్టాండర్డ్, ప్రీమియం అనే మాటలు ఎన్నో కంపెనీల పథకాల్లో ఉంటాయి గనుక సగం పేరు సరిపోతే చాలదు.

తరువాత చూడవలసింది కాలపరిమితి. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు తేడా వచ్చేది ఇక్కడే, వార్తల్లో అతి తక్కువగా కనిపించేదీ ఇదే. 2022లో పార్ట్‌నర్ల ద్వారా అమ్మకాలకు మైక్రోసాఫ్ట్ తెచ్చిన కొత్త విధానంలో, ఏ నెలకానెల మానుకోగల చందాకు ఏడాది ఒప్పందం కంటే 20 శాతం ఎక్కువ కట్టాలి. అంటే 6 డాలర్ల పథకం నెలవారీ ఒప్పందంలో 7.20 అవుతుంది. ఏడాది ఒప్పందంలోనైతే మొదటి 7 రోజులు దాటాక రద్దు చేసుకోవడానికీ, సీట్లు (ఒక్కొక్కరి పేరున తీసుకున్న చందాలు) తగ్గించుకోవడానికీ వీలుండదు. పన్ను రిటర్నుల కాలంలో నాలుగు నెలల కోసం అదనంగా ఒకరిని తీసుకున్న ఆడిటర్ కార్యాలయం, ఆ సీటును నెలవారీ ఒప్పందంలో తీసుకుంటే 28.80 డాలర్లతో సరిపోతుంది. "చవక" అని ఏడాదికి తీసుకుంటే 72 డాలర్లు కట్టాలి. ఈ రెండు లెక్కలూ పది నెలల దగ్గర సమానమవుతాయి. అంతకంటే తక్కువ కాలం వాడే సీటుకు ఎక్కువ ధరగా కనిపించే నెలవారీ పద్ధతే లాభం. ఏడాది ఒప్పందం చేసుకుని వాయిదాలుగా నెలనెలా కట్టడం ఇంకొక పద్ధతి. దానిమీద 2025 ఏప్రిల్ నుంచి 5 శాతం అదనం పడుతోంది గనుక ఇన్వాయిస్‌లో ఒప్పందం ఎంతకాలానికో, చెల్లింపు ఎన్ని విడతల్లోనో విడివిడిగా చూసుకోవాలి.

కరెన్సీ కూడా ముఖ్యమే. 2023 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అందే సేవల) ధరలు పౌండ్లలో 9 శాతం, యూరోల్లో 11 శాతం పెరిగాయి. డాలరు ధరలతో సమానం చేయడమే ఆ సవరణ ఉద్దేశం. లండన్ నుంచి వచ్చిన అలాంటి వార్త హైదరాబాదులోని బిల్లుకు యథాతథంగా వర్తించదు. మన దగ్గర పార్ట్‌నర్ ఇచ్చిన రూపాయల ధరపై 18 శాతం జీఎస్టీ కలుపుకోవాలి. సాధారణ పద్ధతిలో నమోదైన వ్యాపారానికి అర్హతను బట్టి అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా (తాము కట్టవలసిన జీఎస్టీలో తగ్గింపుగా) తిరిగి వస్తుంది, చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి రాదు.

పెంపు నిజంగానే మీ పథకానికి వర్తిస్తుందని తేలినా, ఏడాది ఒప్పందం నడుస్తుండగా ఉన్న సీట్ల ధర సాధారణంగా మారదు. రెన్యువల్ రోజున మారుతుంది. ఆ తేదీకి కనీసం నెల ముందే పార్ట్‌నర్ నుంచి రాతపూర్వకంగా కొటేషన్ తెప్పించుకోండి. అందులో పథకం పూర్తి పేరు, సీట్ల సంఖ్య, ఒప్పంద కాలం, చెల్లింపు పద్ధతి, ఆ ధర ఏ తేదీ వరకు నిలుస్తుందన్న మాట ఉండాలి. కొటేషన్ చేతికి వచ్చేలోగా, ఉద్యోగం మానేసినవారి పేరున ఇంకా నడుస్తున్న సీట్లు ఉన్నాయేమో అడ్మిన్ పేజీలో చూసి, ఆటో రెన్యువల్ జరగకముందే వాటిని తీసివేయించండి.