మే ఎండలో పాత ఫైటర్ లేపుతున్నారా? ఫ్లాప్స్ సంగతి ముందు చూసుకోండి

వేసవి సెలవులు వచ్చాయంటే రాజమండ్రి, కాకినాడ, అమలాపురం వైపు కంప్యూటర్‌లో విమానాలు నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్ పిచ్చి ఉన్నవాళ్లంతా పాత యుద్ధవిమానాలు బయటికి తీస్తారు. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో లేచి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి, కోనసీమ మీదుగా సముద్రం దాకా ఒక చుట్టు. సరదాయే. గొడవంతా టేకాఫ్‌లోనే. సెస్నాలు, ఎయిర్‌బస్‌లు నడిపిన అలవాటు కొద్దీ ఏ విమానం ఎక్కినా చేయి ముందు ఫ్లాప్స్ బటన్ మీదికే పోతుంది. ఫ్లాప్స్ అంటే రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు, తక్కువ వేగంలోనూ విమానాన్ని ఎత్తి పట్టేవి. 1940ల నాటి ఫైటర్ల దగ్గర ఆ అలవాటు కొంప ముంచుతుంది.

ముందు ఎండ. బయట ఉన్న వాతావరణాన్నే చూపించే లైవ్ వెదర్ పెట్టుకుంటే మన ఎండే సిమ్యులేటర్‌లోకీ వస్తుంది. విమానాల లెక్కలకు ప్రామాణికం 15 డిగ్రీలు. మన దగ్గర 42 ఉంటే గాలి పలచబడి, ఉన్నది గోదావరి గట్టునే అయినా విమానానికి 3 వేల అడుగుల పైన ఉన్నట్టే లెక్క. స్పీడు చూపించే ముల్లు ఎప్పటి అంకె దగ్గరే టేకాఫ్ అంటుంది కానీ, అక్కడికి చేరేలోపు నేల మీద పరుగు పెరుగుతుంది. అలాగని కంగారుపడి ఫ్లాప్స్ దింపెయ్యకండి. ఎయిర్‌బస్‌లు దిగే రన్‌వే మీద ఫైటర్‌కి చోటు కరువా? ఇంకాస్త పరుగెత్తనివ్వండి, అంతే.

బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌కైతే టేకాఫ్‌లో ఫ్లాప్స్ అసలు ముట్టుకోవద్దు. అందులో ఉన్నవి రెండే స్థానాలు: పూర్తిగా పైకి, లేదా పూర్తిగా కిందికి. కిందికంటే దాదాపు 85 డిగ్రీలు, గాలికి తలుపు అడ్డం పెట్టినట్టు. అది దిగడానికి పనికొచ్చేది, లేవడానికి కాదు. 1942లో మాల్టా ద్వీపానికి స్పిట్‌ఫైర్లను ఈగిల్ అనే విమానవాహక నౌక మీద నుంచి పంపాల్సి వచ్చినప్పుడు డెక్ చాలదు, కొద్దిగా ఫ్లాప్ కావాలి, మధ్యలో ఆపే ఏర్పాటేమో లేదు. ఫ్లాప్స్ దింపి, సందులో చెక్కముక్కలు పెట్టి, మళ్లీ మూశారు. సుమారు 25 డిగ్రీల దగ్గర ఆగిపోయాయి. గాల్లోకి లేచాక పైలట్ ఒకసారి పూర్తిగా దింపితే చెక్కలు సముద్రంలో పడేవి, అప్పుడు మూసుకునేవాడు. సిమ్యులేటర్‌లో మనకు ఆ చెక్కముక్కలు ఎవరూ పెట్టరు. ఇంకో మాట: ఫ్లాప్స్‌ని జాయ్‌స్టిక్ స్లైడర్‌కి ఇచ్చి ఉంటే తీసేయండి. పాత స్లైడర్ కాస్త వణికినా చాలు, పరుగు మధ్యలో 85 డిగ్రీలూ దిగిపోతాయి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజునే మిషన్‌గా పెట్టుకునేవాళ్లకి ఇంకో బ్రిటిష్ ఫైటర్ హరికేన్ నప్పుతుంది. స్పిట్‌ఫైర్ ఫైటర్లు మన దేశానికి వచ్చింది 1943లో. హరికేన్‌లో చక్రాలకీ ఫ్లాప్స్‌కీ లివర్ ఒకటే, హెచ్ ఆకారంలో ఉన్న గాడిలో తిరుగుతుంది. లేచిన హడావిడిలో చక్రాలు ఎత్తబోయి ఫ్లాప్స్ కదిపేస్తారు. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఆ గాడిలో చేయి తిప్పడం అలవాటు చేసుకోండి.

అమెరికా ఫైటర్ ముస్టాంగ్ కాస్త నయం. ఫ్లాప్స్ పదేసి డిగ్రీల చొప్పున 50 దాకా దిగుతాయి. పెద్ద రన్‌వే మీద సున్నా. దాళ్వా కోసేసిన పొలంలో దిగి మళ్లీ లేవాలనే సరదా ఉంటే 20. అంతకు మించి దింపితే పైకి ఎత్తే బలం కన్నా గాలి వెనక్కి లాగడమే ఎక్కువ. జర్మన్ విమానాల తీరు వేరు, టేకాఫ్‌కి ఫ్లాప్స్ వాడడం వాటికి మామూలే. మెస్సర్‌ష్మిట్ 109లో సీటు ఎడమ పక్కన రెండు చక్రాలుంటాయి, ఒకటి ఫ్లాప్స్‌ది, ఒకటి తోక ట్రిమ్‌ది (ముక్కు దానంతటది పైకీ కిందికీ పోకుండా సరిచేసేది). 20 డిగ్రీలు వచ్చేదాకా తిప్పే పనంతా కదలకముందే అయిపోవాలి. ఫోకే వుల్ఫ్ 190లో బటన్లు మూడు, మధ్యది టేకాఫ్‌ది.

ఫ్లాప్స్ దింపితే వచ్చే అసలు ప్రమాదం, విమానం తొందరగా లేవడమే. వేగం చాలకుండానే చక్రాలు నేల వదిలేస్తాయి. ఇంజిన్ ఫుల్ పవర్‌లో ఎడమకి తిప్పేస్తుంటుంది, ఆపడానికి రడ్డర్‌కీ (ముక్కును పక్కలకి తిప్పే తోక పలక, కాళ్లతో తొక్కేది) రెక్కలకీ ఇంకా పట్టు దొరకదు. ఎడమ రెక్క నేలకి తగిలేది అప్పుడే. ముస్టాంగ్‌లో రడ్డర్ ట్రిమ్ ముందే కుడికి 5, 6 డిగ్రీలు పెట్టుకుని, థ్రాటిల్ నిదానంగా తొయ్యండి. గ్రిఫాన్ ఇంజిన్ ఉన్న స్పిట్‌ఫైర్ అయితే కుడికి లాగుతుంది, కాలు మార్చుకోవాలి.

లేచాక చక్రాలు, ఫ్లాప్స్ ఎత్తేటప్పుడు ఇంకా జాగ్రత్త. ముందు చక్రాలు, తర్వాత కాస్త ఎత్తు, కాస్త వేగం, ఆపైనే ఫ్లాప్స్, అదీ పదేసి డిగ్రీలు. ఒక్కసారిగా మూస్తే విమానం కిందికి జారుతుంది, కోనసీమలో పొలం చివర ఉండేది కొబ్బరితోటే. మరీ ఆలస్యం చేసినా తప్పే, వేగం హద్దు దాటితే ఫ్లాప్స్ దెబ్బతింటాయి: ముస్టాంగ్‌లో 20 డిగ్రీలకి గంటకు 275 మైళ్లు, 50కి 165 మైళ్లే హద్దు. స్పిట్‌ఫైర్ ఫ్లాప్స్‌కి 160.

యూపీఎస్ బ్యాటరీ కూడా ఒకసారి చూసుకోండి. మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, పైగా టేకాఫ్ రికార్డింగ్ సగంలో ఆగిపోతే మీరు నిజంగా లేపారంటే ఫ్రెండ్స్ నమ్మరండి.