మూగ సినిమాకి లైవ్‌ల సౌండ్ కొట్టుడెట్ల
నల్లగొండల మేం ముగ్గురం, ఒక సింథ్ (కీబోర్డు లెక్క ఎలక్ట్రానిక్ వాయిద్యం), ఒక లాప్‌టాప్, ఒక ఒగ్గు డోలు, మూగ సినిమాలకి ఎదురుంగ కూసొని వాయిస్తం. మీరు గూడ చెయ్యాలంటే ముందుగాల సినిమా పట్టుకోండ్రి, దాదాసాహెబ్ ఫాల్కే 1919ల తీసిన కాళీయ మర్దన్ మస్తు పనికొస్తది, అండ్ల చిన్న కిష్టుడు ఆయన బిడ్డ మందాకినే. ఫైల్ స్పీడ్ చూస్కోండ్రి, అప్పటియి శానా మటుకు సెకనుకు 16-18 ఫ్రేములే, 24ల నడిపితే అందరు ఉరుకుతున్నట్టే ఉంటది, మీ టైమింగ్ అంత ఆగం. రిహార్సల్ల ఏ ఫైలో షోల గూడ అదే.

నోట్స్ గాదు, క్యూలు, అంటే ఏ సీన్ల ఏం చెయ్యాల్నో, రాస్కోండ్రి: కిష్టుడు మడుగుల దుంకంగనే బీట్ బంద్. అక్కడ మేం డోలుకి కాంటాక్ట్ మైక్ (అంటించినదాని అదురునే పట్టే మైక్) అంటించి తోలు మీద వేలుతోని మెల్లగ రాస్తం, దాని పిచ్ దించి రివర్బ్‌ల (మారుమోగే ఎఫెక్ట్) ముంచితే నీళ్ల కింద ఏందో మెసిలినట్టే వస్తది. పాము కనవడేదాంక దెబ్బ కొట్టద్దు, మా డోలాయన మొదటిసారి ఆగలే, సీన్ ఖతం.

టైటిల్ కార్డులు (తెర మీద మాటలు రాసి చూపెట్టేటియి) వస్తె సౌండ్ తగ్గించుండ్రి, జనం చదివి పక్కోళ్లకు చెప్తుంటరు, అది గూడ సౌండే కద.

కరెంట్ పోతదేమో, యూపీఎస్ లాప్‌టాప్‌కి గాదు, దానికి బ్యాటరీ ఉంటది, ప్రొజెక్టర్‌కి పెట్టుండ్రి.