జర్మనీకి చదువుకి వచ్చారా? వారంలో ఒక పూట వాలంటీర్‌గా వెళ్ళండి

అక్టోబరులో వింటర్ సెమిస్టర్‌కి దిగినవాళ్ళకి మొదటి నెల కాగితాలతోనే సరిపోతుంది. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు బ్యూర్గర్‌అమ్ట్‌లో, అంటే ఊరి పౌరసేవల ఆఫీసులో, అన్‌మెల్డుంగ్ (చిరునామా నమోదు) చేయించుకోవాలి. దానికి ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం కావాలి, తాళాలు తీసుకునే రోజే అడిగేయండి. వీసా కోసం ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన 11,904 యూరోలు నెలకి 992 చొప్పున చేతికొస్తాయి. రేడియో, టీవీ రుసుము నెలకి 18.36 యూరోలు కట్టమని ఉత్తరం వస్తే చెత్తబుట్టలో పడేయకండి. అది మనిషికి కాదు, ఫ్లాట్‌కి. రూమ్మేట్లలో ఒకరు కడితే చాలు. ఇవన్నీ సీనియర్లు ఎలాగూ చెబుతారు. వాళ్ళు పెద్దగా చెప్పనిది ఇంకొకటుంది.

నవంబరు చివరికొచ్చేసరికి సాయంత్రం నాలుగున్నరకే చీకటి. క్లాసులు ఇంగ్లిష్‌లో, ఇంట్లో తెలుగు, పార్ట్‌టైమ్ చేసే వేర్‌హౌస్‌లో ఎవరి పని వాళ్ళది. ఇలాగే రెండేళ్ళు గడిచిపోతాయి. జర్మన్‌లో బీ1 (మధ్యస్థాయి) సర్టిఫికెట్ ఉండి కూడా, డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేయాలంటే టెన్షన్ పడేవాళ్ళు మనలో బోలెడుమంది. తప్పు కోర్సుది కాదు, మాట్లాడక తప్పని పరిస్థితి ఎప్పుడూ రాలేదు, అంతే. ఆ పరిస్థితి వారం వారం రావాలంటే ఏరెన్‌ఆమ్ట్ మంచి దారి. జీతం తీసుకోకుండా చేసే సేవ అన్నమాట. ఇక్కడ అది ఊరి జీవితంలో మామూలు భాగం. చిన్న ఊళ్ళలో నిప్పంటుకుంటే పరిగెత్తుకొచ్చే ఫైర్‌బ్రిగేడ్‌లో కూడా ఎక్కువమంది జీతం లేని స్థానికులే.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను టాఫెల్ అంటాను, అంటే ఇక్కడి ఫుడ్ బ్యాంక్. 1993లో బెర్లిన్‌లో మొదలైంది, ఇప్పుడు దేశమంతా 900 పైచిలుకు కేంద్రాలున్నాయి. సూపర్‌మార్కెట్లలో అమ్ముడుపోని, ఇంకా తినడానికి బాగున్న కూరగాయలు, బ్రెడ్డు, పాలు వ్యాన్‌లో తెచ్చి, ఏరి, ఇల్లు గడవని వాళ్ళకి పంచుతారు. ఏరడానికి భాష పెద్దగా అక్కర్లేదు, కాబట్టి ఏ1 (మొదటి మెట్టు) జర్మన్‌తో కూడా చేరొచ్చు. పక్కన నిలబడి పనిచేసేవాళ్ళలో రిటైర్ అయినవాళ్ళే ఎక్కువ. వాళ్ళకి తీరిక ఉంటుంది, ఆగి మాట్లాడతారు, మీ వాక్యం తప్పయితే సరిదిద్దుతారు. డబ్బా తప్పుగా పేర్చితే మొహం మీదే చెప్పేస్తారు. మొదట్లో మనసు చివుక్కుమంటుంది. పది నిమిషాలకే ఆ మాటన్న పెద్దాయనే కాఫీ కప్పు చేతికిస్తాడు. పనిని అన్నాడు, మనిషిని కాదు. ప్రొఫెసర్ ఇచ్చే ఫీడ్‌బ్యాక్‌కి నిద్రపట్టని వాళ్ళకి ఇదొక ఉచిత ట్రైనింగ్.

కొన్ని నెలలకి కౌంటర్ దగ్గర నిలబెడతారు. ఒక్కొక్కరికి ఎన్ని ఇవ్వాలో లెక్క ఉంటుంది. ఇంకో బ్రెడ్డు అడిగితే, వెనక లైన్‌లో ఉన్నవాళ్ళకి చాలదని మర్యాదగా చెప్పాలి. అడిగిన వాళ్ళకి కాదనడం మనకి ఇంట్లో ఎవరూ నేర్పలేదు కదా, ఇది నిజంగా కష్టం. అన్నట్టు, టాఫెల్‌లో ‘ఫ్రీ రేషన్’ దొరుకుతుందని చెప్పే మిత్రులు కూడా తగులుతారు. ఖర్చులకి డబ్బుండీ ఆ లైన్‌లో నిలబడకండి. నిజంగానే ఇబ్బందుల్లో పడితే స్టుడియెరెండెన్‌వెర్క్‌లో (విద్యార్థుల సహాయ సంస్థ) సోషల్ కౌన్సెలింగ్ ఉంటుంది, మొహమాటపడకుండా వెళ్ళండి.

రూల్స్ విషయంలో జాగ్రత్త. స్టూడెంట్ పర్మిట్ మీద ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. కోర్సులో తప్పనిసరి కాని ఇంటర్న్‌షిప్ పైసా ఇవ్వకపోయినా ఆ లెక్కలోకే వస్తుంది. ‘ఫ్రీగా చేస్తే ఎక్స్‌పీరియన్స్ వస్తుంది’ అని పిలిచే స్టార్టప్ ఏరెన్‌ఆమ్ట్ కాదు. లాభాపేక్ష లేని సంస్థనే ఎంచుకోండి, దారి ఖర్చులకి మించి ఏమైనా ఇస్తామంటే ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీస్‌ని మెయిల్‌లో అడగండి. ఆహారం ముట్టుకునే పనికి ఆరోగ్య శాఖ ఇచ్చే పరిశుభ్రత సర్టిఫికెట్ అడగొచ్చు. పిల్లలతో పనికైతే పోలీస్ రికార్డు పత్రం కావాలి. సంస్థ ఉత్తరం రాసిస్తే దానికి ఫీజు ఉండదు. సంస్థలు తెలియకపోతే ఊళ్ళో ఫ్రైవిల్లిగెన్‌అగెంటూర్‌కి (వాలంటీర్లకి చోటు చూపించే ఆఫీసు) వెళ్ళండి. మీ భాష, మీ తీరిక చూసి వాళ్ళే చోటు చెబుతారు.

మన తెలుగు సంఘాల్లో ఉగాదికి, బతుకమ్మకి పనిచేయడం కూడా సేవే. ఇంటిబెంగ తగ్గుతుంది, కచ్చితంగా వెళ్ళండి. కానీ అదొక్కటే అయితే జర్మన్ రాదు.

వారానికి మూడు పూటలు వస్తానని ఉత్సాహంగా ఒప్పుకోకండి. ఒక్క పూట చెప్పి, తప్పకుండా వెళ్ళండి. ఇక్కడ మీ పేరు రోస్టర్‌లో పడ్డాక, మీరు రాకపోతే ఆ వ్యాన్‌లో ఒక మనిషి తక్కువే. ఫిబ్రవరి, జులై పరీక్షల సంగతి నెల ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. ఊరు మారేటప్పుడు ఎన్నాళ్ళు, ఏం చేశారో రాసిన సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అడగందే చాలాచోట్ల ఇవ్వరు.